మైలుతుత్తము నేర్పిన పాఠము
(చిక్కబళ్ళాపుర ప్రాంతపు తెలుగువారి ఆదివార కూటమియందు, రైతులును విద్యార్థులును కూడిన సభలో చేసిన ఉపన్యాసము)



మేము వ్యాపారులము. పదవ తరగతి ముగించి దుకాణమున కూర్చుండినవారము గాని పండితులము కాము. రసాయన శాస్త్రమును గూర్చి ఈ వేదికపై మాటలాడుటకు మాకుగల యర్హత యొక్కటియే. ఆ శాస్త్రమందలి యొక చిన్న సూత్రమును పరీక్షలో తప్పు లేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. పిదప దుకాణములో దానిని మరచి యొక రైతునకు నష్టము కలిగించితిమి. ఆ నష్టమును మీ యెదుట చెప్పుకొని, ఆ సూత్రమును మీకు అప్పగించి పోవలెనని వచ్చితిమి.

మా దుకాణములో ఇనుప సామానును, వ్యవసాయపు మందులును ఉండును. మైలుతుత్తపు మూటలు ఒక గోడకు ఆనించి యుండును. ఆ గోడకే పైని మేకులకు జింకు పూత పూసిన రేకు బక్కెట్లు, అనగా మనము జీఐ బక్కెట్లనునవి, వ్రేలాడుచుండును. ఇరువది యేండ్లుగా ఆ రెండును అట్లే యున్నవి. ఆ రెండింటికిని పొత్తు కుదరదని మాకు ఒక్కనాడును తోచలేదు.

గడచిన సంవత్సరము వానలు పట్టిన దినములలో, మాకు చిరకాలపు ఖాతాదారుడైన యొక పెద్ద రైతు వచ్చెను. ఆయనకు ద్రాక్షతోట కలదు. వానలకు ఆకుల యడుగున బూజు తెగులు కనిపించుచున్నదనియు, బోర్డో మిశ్రమము చల్లవలెననియు చెప్పి మైలుతుత్తమును, సున్నమును కొనెను. ఇంటనున్న ప్లాస్టిక్ డ్రమ్ము పగిలినదట. "గట్టి బక్కెట్టు ఒకటియ్యి నాయనా" అనెను. మేమే స్వయముగా క్రొత్త జీఐ బక్కెట్టును దించి యిచ్చితిమి. గట్టిదే. వెల కొంచెము తగ్గించితిమి కూడ.

నాలుగు దినములకు ఆయన తిరిగి వచ్చెను. బక్కెట్టును బల్లపై పెట్టెను.

"ఏం సావుకారూ, మైలుతుత్తంలో ఏం కలిపినావు? రాత్రి నీళ్ళలో వేస్తే తెల్లారేసరికి నీలం పోయింది. మిగిలిందే సున్నంలో పోసి కొట్టినా. తోటంతా బూజు పట్టింది."

"పెద్దాయనా, సరుకు మంచిదే. అదే మూటలోది ఇంకో నలుగురికి ఇచ్చినాము. వాళ్ళెవరూ ఏమీ అనలేదు" అంటిమి.

"మంచిదైతే ఇదేంది, నువ్వే చూడు."

చూచితిమి. బక్కెట్టు లోపలి తెల్లని మెరుగు పోయినది. గోడలకు ఎఱ్ఱనిదియు నల్లనిదియు నైన మడ్డి పట్టియున్నది. అడుగున అతుకుచోట చిల్లి పడినది. ఆ మడ్డిని గోటితో గీకి, గుడ్డపై రుద్ది చూడగా రాగి మెరుపు కనబడెను. అప్పుడు మాకు బడిలో వల్లెవేసిన లోహముల వరుస జ్ఞాపకము వచ్చెను. రాత్రియంతయు ఆ బక్కెట్టులో జరిగిన దేమియో నిలుచున్నచోటనే తెలిసిపోయెను. ఆయనకు చెప్పితిమి. సరుకులో కల్తీ లేదు, బక్కెట్టుది తప్పు. కాదు, ఆ బక్కెట్టును ఆ పనికి ఇచ్చిన మాది తప్పు అని.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "నువ్వు బడికి పోయినోడివి గదా నాయనా. అమ్మేటప్పుడే ఒక మాట చెప్పి ఉంటే?" అనెను.

బక్కెట్టు వెలను, మందు వెలను తిరిగి యిచ్చితిమి. క్రొత్త మైలుతుత్తమును, ప్లాస్టిక్ పీపాను ఊరకనే పంపితిమి. ఐనను తెగులు తగిలిన గుత్తులను మరల కట్టుట మా చేతిలో లేదు. ఆ యేడు ఆయన తోటలో సగము కాపు పోయినది. ఆయన యిప్పటికిని మా దుకాణమునకే వచ్చుచున్నాడు. అది ఆయన పెద్దతనము. ఆ ప్రశ్నకు మాత్రము మేమింకను బదులు చెప్పలేదు. నేటి యీ ఉపన్యాసమే మా బదులు.

ఇక విషయమునకు వత్తము.

మైలుతుత్తమనగా రాగి లవణము. పుస్తకములలో దానిని కాపర్ సల్ఫేటు అందురు. నీటిలో కరగినప్పుడు రాగి యందు లోహరూపమున ఉండదు. ప్రతి రాగి పరమాణువును రెండు ఎలక్ట్రానులను పోగొట్టుకొని, అయానుగా మారి, నీటిలో తిరుగాడుచుండును. ఆ నీలిరంగు ఆ అయానులదే. అట్టి నీటిలో ఇనుప మేకును ముంచినయెడల ఇనుము తనయొద్దనున్న రెండు ఎలక్ట్రానులను రాగి అయానున కిచ్చివేయును. ఇచ్చిన ఇనుము తాను అయానై నీటిలోనికి పోవును. పుచ్చుకొన్న రాగి లోహమై మేకుపై ఎఱ్ఱగా పేరుకొనును. ఒకరి స్థానమును మరియొకరు పొందుటచే దీనికి స్థానభ్రంశ చర్య యని పేరు.

వ్యాపారుల భాషలో చెప్పవలెనన్న, ఇది జమాఖర్చుల పద్దు. ఇచ్చువాడు లేక పుచ్చుకొనువాడు లేడు. ఇనుము ఖాతాలో రెండు ఖర్చు, రాగి ఖాతాలో రెండు జమ. పద్దు సరిపోవును. తూకమును సరిపోవును. 250 గ్రాముల మైలుతుత్తములోని రాగి యంతయు బయటపడుటకు సుమారు 56 గ్రాముల ఇనుము కరగవలెను. అప్పుడు 63 గ్రాములకు పైగా రాగి దిగును. ఈ లెక్కన ఒక కిలో మైలుతుత్తము, పూర్తిగా పనిచేసినచో, 224 గ్రాముల ఇనుమును గాని 262 గ్రాముల జింకును గాని తినివేయును. బక్కెట్టుకు చిల్లి యేల పడినదో యీ లెక్కయే చెప్పుచున్నది.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. ఏ లోహము దేనిని తరుమును? కలిపి చూడకముందే చెప్పగలమా? చెప్పగలము. అందులకే లోహముల వరుసను ఏర్పరచినారు. ఎలక్ట్రానుల నిచ్చుటకు మిక్కిలి తొందరపడునది పైన. ఇయ్యక బిగబట్టునది క్రింద. మనకు పరిచయమున్న లోహముల వరకు ఆ వరుస యిట్లుండును: పొటాషియము, సోడియము, కాల్షియము, మెగ్నీషియము, అల్యూమినియము, జింకు, ఇనుము, తగరము, సీసము, పిమ్మట లోహము కాకున్నను హైడ్రోజను, దానికి దిగువ రాగి, పాదరసము, వెండి, బంగారము. దీనిని చర్యాశీలత శ్రేణి యందురు.

సూత్రమిది. లోహముగా ముంచిన వస్తువు, లవణములో కరగియున్న లోహముకంటె వరుసలో పైన నున్నయెడల చర్య జరుగును. క్రింద నున్నయెడల జరుగదు. విద్యార్థులు పొరపడునది యిచ్చటనే. రెండు పేరులను చూచి "పైదానికి గెలుపు" అని వ్రాసి ఊరకుందురు. అది చాలదు. పైనున్నది లోహరూపమున ఉన్నదా, లవణరూపమున ఉన్నదా యని మొదట చూడవలెను. జింకు ముక్కను మైలుతుత్తపు నీటిలో వేసిన చర్య జరుగును. రాగి తీగను జింకు సల్ఫేటు నీటిలో వేసిన ఏమియు జరుగదు. రెండుచోట్లను ఉన్నవి ఆ రెండు లోహములే గదా! మొదటిచోట ఇచ్చువానియొద్ద ఇయ్యవలసిన ఎలక్ట్రానులున్నవి. రెండవచోట ఇచ్చువాడు ముందే యిచ్చివేసి కూర్చున్నాడు; రాగి యా, ఇచ్చుటకు ఇచ్చగించదు.

ఈ బల్లపై తొమ్మిది గాజు గ్లాసులను పెట్టియున్నాము. అందలి వస్తువులన్నియు మా దుకాణములోనివే. మొదటి వరుసలోని మూడింటిలో మైలుతుత్తపు నీరు. రెండవ వరుసలో అన్నభేది నీరు. అది ఇనుప లవణము. మూడవ వరుసలో జింకు సల్ఫేటు నీరు. వరిపైరునకు జింకు లోపించినపుడు మీరు కొనిపోవునది యిదే. ప్రతి వరుసలోను ఒక గ్లాసులో ఇనుప మేకును, ఒక దానిలో రాగి తీగను, ఒక దానిలో జింకు ముక్కను వేయించెదము. జింకు ముక్క పాత టార్చిలైటు బ్యాటరీ తొడుగునుండి కత్తిరించినది. మేకులను గరుకు కాగితముతో తోమి తెచ్చితిమి. తుప్పుగాని నూనెగాని యున్నచో లోహమునకు నీరు తగులదు.

పిల్లలారా, వేయకముందే మీరు కాగితముపై వ్రాయుడు. ఏ గ్లాసులలో చర్య జరుగును? తన లవణపు నీటిలోనే తానున్న మూడు గ్లాసులను తీసివేయుడు. మిగిలినవి ఆరు. అందు మూడింట జరుగును, మూడింట జరుగదు. మైలుతుత్తములో ఇనుము, మైలుతుత్తములో జింకు, అన్నభేదిలో జింకు, ఈ మూడును జరుగునవి. అన్నభేదిలో రాగి, జింకు సల్ఫేటులో రాగి, జింకు సల్ఫేటులో ఇనుము, ఈ మూడును జరుగనివి. మైలుతుత్తపు గ్లాసులలో మా ఉపన్యాసము ముగియులోపలనే మార్పును చూచెదరు. అన్నభేదిలోని జింకు నెమ్మదిగా నల్లబడును. దానికి ఓపిక కావలెను.

వరుస తెలిసినంత మాత్రమున ఎంత బలముగా జరుగునో తెలియదు. అందులకు సంఖ్యలున్నవి. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు డేనియల్ 1836లో జింకును నీరు కలిపిన గంధకామ్లములోను, రాగిని మైలుతుత్తములోను ఉంచి, రెండు నీళ్ళును కలిసిపోకుండ నడుమ అడ్డు పెట్టి, ఎలక్ట్రానులు తీగ వెంబడి నడచునట్లు చేసెను. బక్కెట్టులో వృథాగా పోయిన బలమే అచ్చట విద్యుత్తుగా పనికి వచ్చెను. అట్టి ఘటములలో కొలిచి, హైడ్రోజనును సున్నగా పెట్టుకొని, ప్రతి లోహమునకును ఒక వోల్టు సంఖ్యను నిర్ణయించినారు. మెగ్నీషియమునకు −2.37, అల్యూమినియమునకు −1.66, జింకునకు −0.76, ఇనుమునకు −0.44, తగరమునకు −0.14, సీసమునకు −0.13, రాగికి +0.34, వెండికి +0.80, బంగారమునకు +1.50.

లెక్క సులభము. లవణములోనున్న లోహపు సంఖ్యనుండి, ముంచిన లోహపు సంఖ్యను తీసివేయుడు. వచ్చినది ధనసంఖ్య యైన చర్య జరుగును. ఋణసంఖ్య యైన జరుగదు. మైలుతుత్తములో జింకునకు 0.34 నుండి −0.76 తీసివేయగా 1.10 వచ్చును. డేనియల్ ఘటము ఇచ్చు వోల్టులును అంతియే. మైలుతుత్తములో ఇనుమునకు 0.78. జింకు సల్ఫేటులో రాగికి −1.10, అది జరుగదు. తగరము, సీసముల సంఖ్యలను చూడుడు. వాని నడుమ భేదము 0.01 మాత్రమే. ఇట్టిచోట నీటిలో ఏ లవణము ఎంత యున్నదను దానినిబట్టి తీర్పు మారవచ్చును. కావున భేదము పెద్దదైనపుడు ధైర్యముగా చెప్పుడు. మిక్కిలి చిన్నదైనపుడు నిదానించుడు.

సూత్రము సరియైనను, కంటికి కనబడునది వేరుగా నుండు సందర్భములు కొన్ని కలవు. వానిని దాచిన మేము మరల మీకు సగము మాటయే చెప్పినవారమగుదుము.

మొదటిది అల్యూమినియము. వరుసలో అది జింకునకు పైన నున్నది. అల్యూమినియపు తపేలాను మైలుతుత్తము వెంటనే తినవలెను. కాని కేవలము మైలుతుత్తపు నీటిలో అది చాలసేపు కదలక యుండును. కారణమేమన, అల్యూమినియము గాలి తగిలిన వెంటనే సన్నని ఆక్సైడు పొరను కప్పుకొనును. ఆ పొర కవచము. ఆ నీటిలో చిటికెడు ఉప్పు వేయుడు. ఉప్పు ఆ కవచమును ఛేదించును. నీరు కాగి, ఎఱ్ఱని రాగి దిగును. ఇది చూచి అల్యూమినియపు పాత్ర మందు కలుపుటకు మంచిదని ఎవరును అనుకొనరాదు.

రెండవది సోడియము. అది వరుసలో మిక్కిలి పైన నున్నందున రాగిని తరుమునని వ్రాసెదరు. కాని అంత తొందరపాటుగలది రాగివరకు పోదు. ముందు నీటితోనే కలియబడును. హైడ్రోజను వెలువడును, పుట్టిన క్షారము మైలుతుత్తముతో కలిసి నీలిముద్దగా అడుగున పడును. రాగి లోహము దొరకదు. కావున నీటిలో పరీక్ష యనినపుడు మెగ్నీషియమునుండి క్రిందకు చూచుకొనుట మంచిది.

మూడవది సీసము. మైలుతుత్తములో సీసము మీద పుట్టు సీసపు సల్ఫేటు నీటిలో కరగదు. అదే పైపొరయై చర్యను అడ్డగించును. జరుగునా యని యడిగిన వరుస బదులు చెప్పును. ఎంత వేగముగా జరుగునని యడిగిన చెప్పదు. ఈ రెండు ప్రశ్నలను వేరుగా ఉంచుకొనవలెను.

ఇదియంతయు పుస్తకపు ముచ్చట యనుకొనకుడు. మన యిండ్లలోను, వీధులలోను ఈ వరుస పనిచేయుచునే యున్నది.

జీఐ బక్కెట్టునకు జింకు ఏల పూసినారు? జింకు ఇనుముకంటె పైనున్నది. పూత ఎచ్చటనైన గీరుకొనిపోయి ఇనుము బయటపడినను, ముందు జింకు తాను కరగి, ఇనుమును తుప్పునుండి కాపాడును. ఇండ్ల కప్పుల రేకులకును ఇదే ధర్మము. నీటికి అంత మంచిదైన ఆ బక్కెట్టు, మైలుతుత్తమునకు అంతే చెడ్డది. రెండింటికిని కారణ మొక్కటే. ఎలక్ట్రానుల నిచ్చుటకు తొందరపడు గుణమే అది.

కంసాలివారు పాత నగలలోని వెండిని నత్రికామ్లములో కరగించి, ఆ ద్రావణములో రాగిరేకును ఉంచుదురు. రాగి కరగి నీరు నీలమగును. వెండి తెల్లని పొడియై దిగును. వెండికి 0.80, రాగికి 0.34, భేదము 0.46. వారు ఈ సంఖ్యలను చదువలేదు గాని, తరతరములుగా ఫలితమును ఎరుగుదురు. ఆ ఆమ్లపు పొగ ప్రాణాంతకము. పిల్లలు దాని జోలికి పోరాదు.

మన పొరుగుననే కోలారు బంగారు గనులుండెను. మన తాతలలో పలువురు తెలుగువారు అచ్చట పనిచేసినవారే. ఆ గనులు 2001లో మూతపడినవి. రాతిపొడినుండి బంగారమును సైనైడు ద్రావణములోనికి దింపుటయు, దానిలో జింకును వేసి బంగారమును పొడిగా రాబట్టుటయు లోకములోని బంగారు పరిశ్రమకు పరిచితమైన పద్ధతి. సైనైడు ఉన్నచోట పై సంఖ్యలు మారును. ఐనను జింకు బంగారమునకు పైననే నిలుచును. మారు పరిస్థితిలో మారిన సంఖ్యను చూచుకొనవలెను గాని, మన పట్టికను కన్నులు మూసికొని వాడరాదు.

తల్లులు నల్లబడిన వెండి కుంకుమభరిణెను అల్యూమినియపు గిన్నెలో, ఆ లోహమునకు తగులునట్లు ఉంచి, వేడినీరు, వంటసోడా, ఉప్పు వేసి కొంతసేపు విడిచిన నలుపు పోవుట చూచెదరు. గంధకముతో చేరి నల్లబడిన వెండిని అల్యూమినియము విడిపించుచున్నది. తోముడువలె ఇది వెండిని అరుగదీయదు.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచరాదని పెద్దలు చెప్పుదురు. రాగి హైడ్రోజనునకు దిగువనున్నది గదా, పులుపు దానినేమి చేయునని చదువుకొన్న పిల్లవాడు అడుగవచ్చును. ప్రశ్న మంచిది. పులుపు ఒంటరిగా రాగిని కరగింపలేదు. కాని గాలిలోని ఆక్సిజను తోడైనపుడు కరగించును, కిలుము పుట్టును. ఇక ఇత్తడిలో జింకును కలదు. కావున పెద్దల మాటయే నిలుచును.

ఇక రైతులకు చెప్పవలసిన పని మాట. ఫ్రాన్సు దేశములో బోర్డో ప్రాంతమున ద్రాక్షపండ్లను దొంగలు కోయకుండ దారిప్రక్క తీగలపై మైలుతుత్తమును, సున్నమును చల్లుచుండిరి. ఆ తీగలకు బూజు తెగులు రాకుండుటను మిల్లార్డే యను ఆచార్యుడు 1882లో గమనించి, పరీక్షించి, 1885లో లోకమునకు తెలిపెను. అదియే బోర్డో మిశ్రమము. నూటికి ఒక వంతు మిశ్రమమునకు ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలో కరగింపుడు. వేరొకచోట ఒక కిలో మంచి సున్నమును 50 లీటర్ల నీటిలో కలిపి వడగట్టుడు. మైలుతుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు బాగుగ కలుపుడు. పాత్ర ప్లాస్టిక్, మట్టి, కొయ్య వీనిలో ఏదైనను కావచ్చును. ఇనుము, జీఐ, అల్యూమినియము పనికిరావు. కలిపిన దినమే చల్లుడు.

సున్నము చాలినదా లేదా యని తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. తుప్పు లేకుండ సానబెట్టిన ఇనుప చాకును ఆ మిశ్రమములో ఒక నిమిషము ముంచి తీయుడు. చాకుపై ఎఱ్ఱదనము కనబడిన, సున్నముతో చేరని రాగి ఇంకను నీటిలో తిరుగుచున్నదని యర్థము. అట్టిది చల్లిన లేతాకులు మాడును. ఎఱ్ఱదనము కనబడనంతవరకు మరికొంత సున్నపు నీరు చేర్పుడు. చూచితిరా! పెద్దరైతు బక్కెట్టును పాడుచేసిన చర్యయే చాకు కొనపై కాపలాదారుగా నిలిచినది. ఎరిగినవానికి అది పనివాడు. ఎరుగనివానికి అది నష్టము. ఇంకొక మాట: మైలుతుత్తము విషము. వంటపాత్రలలో కలుపకుడు. మిగిలిన దానిని చెరువులో పోయకుడు, చేపలు చచ్చును.

తుదకు మా తప్పునకు మూలమేమని మేము ఆలోచించితిమి. మేము చదివినది కన్నడపు బడి. కన్నడమనగా మాకు గౌరవము. అన్నము పెట్టుచున్న నేల భాష అది. ఆ పుస్తకములో ఈ పాఠము "స్థానపల్లట క్రియె" యని యుండెను. రాగి లవణము "తామ్రద సల్ఫేట్" అనియు, జింకు "సతువు" అనియు ఉండెను. మేము అక్షరము పొల్లుపోకుండ వ్రాసితిమి. కాని తామ్రద సల్ఫేటనునది మా నాయనగారి దుకాణములో మూటగానున్న మైలుతుత్తమే యనియు, సతువనునది మేకుకు వ్రేలాడుచున్న బక్కెట్టు మీది తెల్లని పూతయే యనియు మాకెవరును చెప్పలేదు. మేమును అడుగలేదు. తెలిసిన మాట ఒకచోటను, తెలిసిన వస్తువు మరియొకచోటను ఇరువది యేండ్లు ఉండిపోయినవి. తప్పు ఏ భాషదియు కాదు. చిత్రమేమన, మైలుతుత్తమనునది కన్నడమునను మైలుతుత్తమే. తమిళమునను ఆ పేరే. తమిళమున మయిల్ అనగా నెమలి. నెమలి మెడ రంగుగల తుత్తము. మూడు భాషల రైతులు ఒకే పేరుతో పిలుచుకొను వస్తువును, బడిలో చదివిన మేము గుర్తింపలేకపోతిమి.

రాజ్యాంగమున 1956లో చేర్చిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన యుండవలెనని చెప్పుచున్నది. దానికై అడుగుట సంఘము పని, అడుగుచునే యుందము. కాని అంతవరకు మన చేతిలోని పని యొకటి కలదు. పిల్లలు ఏ భాషలో చదివినను, ఆ దినపు పాఠమును రాత్రి ఇంటిలో తెలుగున చెప్పించుకొనుడు. "దీనిని మన యింట ఏమందుము? మన వీధిలో ఇది ఎచ్చట నున్నది?" అని అడుగుడు. తల్లిదండ్రులకు శాస్త్రము రానక్కరలేదు. అడుగుట వచ్చిన చాలును.

మా దుకాణములో బక్కెట్లను ఆ గోడనుండి తీసి ఎదుటి గోడకు మార్చితిమి. మైలుతుత్తపు మూటల పైని తెలుగునను కన్నడమునను ఒక పలక వ్రాయించితిమి: "ఇనుము, జింకు, అల్యూమినియపు పాత్రలలో కలుపరాదు." చదువరాని వారికి కుర్రవాడు నోటితో చెప్పును. చెప్పక మూటను కట్టరాదని వానికి ఆజ్ఞ. ఇతర వ్యాపారులును ఈ మాటను తమ దుకాణములలో వ్రాయించిన, మాకు కలిగిన సిగ్గు కొంత ప్రయోజనమునకు వచ్చినట్లగును.

ఆ పెద్దరైతు నేడు ఈ సభలో వెనుక వరుసలో కూర్చుండియున్నారు. పెద్దాయనా, అమ్మునపుడు చెప్పవలసిన మాటను ఆలస్యముగ చెప్పుచున్నాము, మన్నింపుడు.

పిల్లలారా, ఇక లేచి వచ్చి గ్లాసులను చూడుడు. మీరు కాగితముపై వ్రాసినది సరియైనదో కాదో మా మాటను నమ్మి కాక, మేకును చూచి తెలిసికొనుడు. చేతులు మాత్రము కడుగుకొని పొండు.